అతని పిన్నినని చెప్పాను

ప్రొబేషన్ అధికారిగా నా పనల్లా, జైలు వేయకుండా కోర్టు వదిలిపెట్టినవాళ్లు మళ్లీ దారి తప్పకుండా కనిపెట్టుకుని ఉండడం. వాళ్లలో ఒక్కరి ఫోన్ కలవకపోయినా కాలుగాలిన పిల్లిలా తిరుగుతాను. ఆ ఆదివారం కలవనిది, రాయదుర్గం ఆఫీసు టవర్‌లో హౌస్‌కీపింగ్ చేసే ఒకతనిది. పాత పనిలో సూపర్‌వైజర్‌ను కొట్టిన కేసు. పారిపోయాడా? పారిపోతే కోర్టుకు రాయక తప్పదు, రాస్తే అతనికి జైలు తప్పదు. పొయ్యి మీద పప్పు దించేసి, ఉడికిందో లేదో కూడా చూడకుండా షేర్ ఆటో ఎక్కాను.

నానక్‌రామ్‌గూడలో అతని గదికి తాళం. ఇంటావిడ మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"ఎవలు గావాలె?"

నా ఆఫీసు కార్డు చూపిస్తే అతని గది ఊడుతుంది. స్థిరమైన చిరునామా ఉండాలన్నదేమో కోర్టు షరతు. నోటికొచ్చింది అనేశాను: "అతని పిన్నినండి."

ఆవిడ చెయ్యి ఆగింది. "పిన్నా? ఆ పిలగానిది పాలమూరు దిక్కు. ఆళ్లకు చిన్నమ్మ ఉంటది గానీ పిన్ని యాడికెళ్లొస్తది? ఏంది కథ?"

ఇన్నేళ్లుగా ఇక్కడున్నా నా గోదావరి మాట నన్ను పట్టిచ్చేసింది. దూరపు చుట్టరికమండి అని అతికించబోయాను. అతకలేదు.

అంతలో అతనే గేటు తీసుకుని వచ్చాడు, చేతిలో ఫోను. "నీళ్ల బకెట్ల పడ్డది మేడం. చందానగర్‌ల బాగు చేయించుకొస్తున్న."

హమ్మయ్య అనుకునేలోగా ఇంటావిడ అందుకుంది. "మేడమా? పిన్ని అన్నది గదా! ఎవలీమె?"

అతను నావైపు చూశాడు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకో నాయనా అని నా మనసు కొట్టుకుంది. అబద్ధమాడమని మనసులో బతిమాలుకున్న ప్రొబేషన్ అధికారిని నేనొక్కదాన్నేనేమో.

"కోర్టు మేడం, అమ్మా. కొట్లాట కేసుల నన్ను జైలుకు పంపకుండ ఇడిసిపెట్టిండ్రు. మంచిగుంటున్ననా అని సూడనీకొస్తరు."

"కేసులోళ్లు మాకొద్దు బిడ్డా. నెలాఖరుకు ఖాళీ చెయ్యి."

ఎంత చెప్పినా ఆవిడ మళ్లీ తలెత్తలేదు. బయటికొచ్చాక నా మీద నాకే మండింది. "నీ ఇల్లు చూడ్డానికొచ్చి నీకు ఇల్లు లేకుండా చేశాను," అన్నాను. ఆ వీధి ఈ చివరినుంచి ఆ చివరికి టులెట్ బోర్డుల కోసం గోడలన్నీ గాలించడం మొదలుపెట్టాను. అతను నా వెనకే పరుగులాంటి నడకతో వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"జర నిమ్మళంగుండ్రి మేడం. రూమే గద పోయింది. నేను యాడికీ పోలే."