ఒక్క బండీ రాని దారి

పంతొమ్మిదేళ్ళ వయసు ఒక రకం దురద. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే పోవాలనిపిస్తుంది, పోయిన చోట నిలబడగానే ఇంకో చోటు కనిపిస్తుంది. ఆ రోజుల్లో నాకీ దురద కాస్త ముదిరి ఉండేది. ఎనిమిదో తరగతిలోనే బడి నన్ను వదిలేసింది (నేనే బడిని వదిలేశానని మా ఇంట్లో చెప్పుకుంటారు, నిజానికి ఇద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూడలేకపోయాం). ఆ తర్వాత హోసూరులో ఒక సైకిల్ షాపులో చేరాను. పని పేరు మెకానిక్. చేసేది మాత్రం ముక్కాలిపీట మీద కూర్చుని, వంకరపోయిన చక్రాలను గుండ్రంగా సరిచేయడం. రోజంతా చక్రాలు నా కళ్ళ ముందు తిరుగుతాయి, నేను మాత్రం తిరగను. ఇంతకంటే పెద్ద శిక్ష నాలాంటివాడికి ఏ కోర్టూ వేయలేదు.

సరిగ్గా అప్పుడే బెంగుళూరు వాళ్ళకు గ్రావెల్ బైకుల పిచ్చి పట్టింది. బైకన్నానని మోటారు ఉంటుందనుకోకండి, సైకిలే. పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు, లావు టైర్లు, కంకర దారుల్లో తొక్కడానికే పుట్టింది. మా తాతల తరం కంకరలో తొక్కలేక తారు రోడ్డు కావాలని ఆఫీసుల చుట్టూ తిరిగింది. వీళ్ళు ఆ తారు రోడ్డు మీద కారులో వచ్చి, "కంకర ఎక్కడుంది?" అని అడిగేవాళ్ళు. మా ఓనరు (అందరం 'అన్న' అనేవాళ్ళం) వాళ్ళ కోసం ఆదివారాల్లో సవారీలు మొదలుపెట్టాలనుకున్నాడు. వాళ్ళ ముందు తొక్కుతూ దారి చూపించడానికి ఒక మనిషి కావాలి. ఆ మాట చెవిన పడగానే నేను పీట మీంచి లేచినవాణ్ణి మళ్ళీ కూర్చోలేదు.

"ఉద్దనపల్లి దాటినాక గుట్టల నడాన ఒక చెరువు ఉండాదన్నా. సుట్టూ మట్టి దావ. ఒక్క బండి రాదు. నీళ్ళు, గుట్టలు, కొంగలు, అంతే," అన్నాను.

"ఒక్క బండీ రాదా?"

"వస్తే నన్ను అడుగన్నా."

"అడుగుతాలే," అన్నాడు అన్న, నా వైపు అనుమానంగా చూస్తూ. "తొమ్మిదికంతా వాళ్ళని సుట్టూ తిప్పి, టిఫినుకు నా వ్యాను కాడికి తీసుకొచ్చినావంటే ఇంక ఆదివారాలు నీవే. లేదంటే ఆ పీట నీదే, ఇంక లేయకూడదు."

అప్పటిదాకా ఆ చెరువు గురించి వినడమే గానీ చూడని నేను, శనివారం సాయంత్రం దారి చూసి వద్దామని పోయాను; ఇవతలి గట్టు దాకా పోయేసరికే పొద్దు వాలింది. అక్కడికి పోయాక తెలిసింది, ఒక్క బండీ రాని ఆ దారిలో నాలుగు బండ్లు వస్తాయని. ఒక పాలవ్యాను, రోజాపూల తోటకు పోయే టెంపో, రెండు ట్రాక్టర్లు. అన్నీ పొద్దున్నే, అన్నీ చెరువు ఇవతలి గట్టు మీదుగానే. బుద్ధి ఉన్నవాడైతే తిరిగొచ్చి అన్నకు నిజం చెప్పేవాడు. నేను బుద్ధికి బదులు కొడవలి వాడాను. గట్టు దారికి రెండు కొసల్లోనూ తుమ్మకంప నరికి అడ్డం వేశాను. ఒక కర్రకు ఎర్రగుడ్డ కట్టి నిలబెట్టాను (మా అమ్మ పాత రవిక, ఇప్పటికీ దాని కోసం వెతుకుతుంది). టీకొట్టు దగ్గర కనిపించిన ట్రాక్టరు డ్రైవరుకు, "గట్టు కారుతా ఉండాది మామా, రేపు ఆఫీసర్లు వస్తారంట, ఎవరూ పోగూడదంట," అని చెప్పాను. పల్లెలో ఒక ట్రాక్టరు డ్రైవరుకు చెబితే పాలవ్యానుకూ పూలటెంపోకూ విడిగా చెప్పాల్సిన పని లేదు.

ఆదివారం పొద్దున ఆరున్నరకు ఎనిమిది మందిని వెంటబెట్టుకుని బయలుదేరాను. వాళ్ళ నాయకుణ్ణి అందరూ కెప్టెన్ అనేవాళ్ళు. బెంగుళూరులో పుట్టి పెరిగిన తెలుగాయన, మంచి దిట్టమైన శరీరం, చేతికి ఒక గడియారం. ఎంత దూరం పోయాం, గుండె ఎన్నిసార్లు కొట్టుకుంది, అన్నీ చెప్పేది అది. కొసన ఉన్న కంపను నేను చనువుగా పక్కకు లాగి, వాళ్ళు దాటాక మళ్ళీ వేస్తుంటే ఆయన, "ఏమిటిది?" అన్నాడు. "మేకలు రాకుండా సార్," అన్నాను. నిజం చెప్పాలంటే గట్టు మీద ఆ మొదటి అరగంట నేను పుట్టినందుకు సంతోషపడ్డ అరగంట. టైర్ల కింద గులకరాళ్ళు గరగరమంటున్నాయి, నీళ్ళ మీద గుట్టలు తలకిందులుగా వణుకుతున్నాయి, ముందు నేను, వెనకాల చదువుకున్నవాళ్ళు ఎనిమిది మంది! మా లెక్కల అయ్యవారు ఎదురొస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

అయ్యవారు రాలేదు, ఒక అవ్వ వచ్చింది. గట్టు దిగినాక చిన్న పల్లె, దాని ముందు ఒక ఫర్లాంగు సిమెంటు రోడ్డు ఉన్నాయి. ఆ రోడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉలవచెట్లు పరిచి ఉన్నాయి. మా వైపు తెలియనివారు లేరు గానీ మీ కోసం చెబుతాను. ఉలవ పంట కోసి, ఎండబెట్టి, రోడ్డు మీద పరుస్తారు. పోయే బండ్లు వాటి మీద పోతాయి, కాయలు పగులుతాయి, గింజలు రాలుతాయి. కూలి అడగని పనివాళ్ళు. ఏ బండి ఎప్పుడు వస్తుందో అవ్వకు తెలుసు కాబట్టే అక్కడ పరిచింది. చేతిలో కొంకికర్ర, నడుముకు దోపిన చెంగు, చూపు రోడ్డు కొస మీద.

మా వాళ్ళు మర్యాదగా సైకిళ్ళు దిగి పక్కగా నడవబోయారు. అవ్వ కర్ర అడ్డం పెట్టింది.

"ఏల దిగుతారప్పా? మీదనే పోండి! తొక్కండి! పొద్దన్నుంచీ కండ్లు కాయలు కాసినాయి, ఒక్క బండన్నా వచ్చిందా? పాలవ్యాను యాడ సచ్చిందో, పూలోడు యాడ పోయినాడో. ఆ కొసన ఎవడో కంప యేసినాడంట. వాని చేతులు ఇరిగిపోను!"

నేను నా చేతుల వైపు చూసుకున్నాను. కెప్టెన్ కూడా నా చేతుల వైపే చూశాడు. మేకల సంగతి ఆయనకు గుర్తొచ్చినట్టుంది.

ఆ మాటకు తోడు గుట్ట వెనక మబ్బు లేచింది. చలికాలంలో వచ్చే దొంగ మబ్బు. అవ్వ దాని వైపు చూసి గొంతు తగ్గించింది. "మా వోడు కంపెనీ షిఫ్టుకు పోయినాడు, కోడలూ పోయింది. ఇది తడిసిందంటే మొలకలొచ్చేస్తాయప్పా. ఒక పంటంతా ఈడనే ఉండాది."

అప్పటికి ఎనిమిదిన్నర. ఆ పంటను పక్కకు తోసుకుని ముందుకు పోతే తొమ్మిదికి చుట్టు పూర్తవుతుంది, ఆదివారాలు నావవుతాయి. పీట మీద కూర్చున్న నేను ఒక కంటికి కనిపిస్తున్నాను, తడిసిన ఉలవలు ఇంకో కంటికి. లోపల్లోపల తెగ అటూ ఇటూ తిరిగి చివరికి, "అవ్వా, కంప యేసింది నేనే," అనేశాను.

అవ్వ కర్ర ఎత్తింది. కొట్టలేదు. దాంతో ఉలవల వైపు చూపించింది. "అయితే తొక్కు."

తొక్కాను. నా వెనకాల కెప్టెన్, ఆయన వెనకాల మిగతా ఏడుగురు. ఆ కొస దాకా పోవడం, తిరగడం, ఈ కొసకు రావడం. అవ్వ పక్కన నిలబడి గింజలు వేళ్ళతో కదిపి చూసి పెదవి విరిచింది. "మీ బండ్లకు బరువే లేదే! ఏమప్పా, ఆ లావప్ప యాడ? రా నాయనా, నువ్వు పోతే కాయ పగులుతా ఉండాది. ఆ సన్నపాపను కూర్చోమను, ఆయమ్మతో ఏమీ కాదు." బెంగుళూరులో ఒళ్ళు తగ్గించుకోవాలని సైకిలు కొన్న కెప్టెన్‌కు, ఆ ఒంటిని జీవితంలో మొదటిసారి ఎవరో మెచ్చుకున్నారు. పదహారు సార్లు తిరిగాడు. ఆయన గడియారం ఏమనుకుందో గానీ కీచుకీచుమని ఒకటే మొత్తుకుంది.

తొమ్మిదింబావుకు, వీళ్ళు ఇంకా రాలేదేమని వెతుక్కుంటూ, ఇడ్లీ డబ్బాలతో షాపు వ్యాను వచ్చింది. అన్నే నడుపుతున్నాడు. దారిలో కంపను ఆయనే ఈడ్చి పారేశాడట, చేతికి ముల్లు గుచ్చుకుంది. దిగబోతుంటే అవ్వ తలుపు మూసేసింది.

"దిగొద్దప్పా! నువ్వే కావాల్సింది. పో, ముందుకు పో. ఇంక ఎనక్కి రా."

అన్న ఆరుసార్లు ముందుకు పోయాడు, ఆరుసార్లు వెనక్కి వచ్చాడు. పోయిన ప్రతిసారీ కిటికీలోంచి నన్నొక మాట అన్నాడు. ఆరోసారి మాత్రం అడిగాడు: "ఒక్క బండీ రాదంటివే?"

"ఇది మన బండే కదన్నా," అన్నాను.

మొదటి చినుకు పడేసరికి గింజలు మూటల్లో ఉన్నాయి. ఎనిమిది మందీ అవ్వ ఇంటి వసారాలో కూర్చుని చల్లారిన ఇడ్లీలు తిన్నారు. పోయేటప్పుడు అవ్వ అందరి హెల్మెట్లూ తిరగేయించి, తలా ఇన్ని ఉలవలు పోసింది. నా దగ్గరికి వచ్చేసరికి ఆగి, చెవి పట్టి మెలిపెట్టి, ఆ తర్వాత అందరికంటే ఒక గుప్పెడు ఎక్కువే పోసింది. వానలో వచ్చిన దారినే వెనక్కి పోయాం.

ఆదివారాలు నాకు రాలేదు. అన్న మాట మీద నిలబడే మనిషి. షాపులో ఇంకొకడు దారి చూపించాడు, నేను రెండేళ్ళు పీట మీద చక్రాలు సరిచేశాను. ఆ పని ఎంత వద్దనుకున్నానో అంత బాగా వచ్చేసింది. ఇప్పుడు హోసూరులోనే నాకొక చిన్న షాపుంది. కూర్చుంటే లేవడానికి మోకాళ్ళను ముందు బతిమాలుకోవాలి. సైకిళ్ళు తెచ్చే కుర్రవాళ్ళు, "అన్నా, ఆ గుట్టల సెరువుకి ఒకసారి సుట్టూ పోయొద్దాం రా," అంటారు. పని ఉందంటాను. అవతలి గట్టు నేనింతవరకూ చూడలేదు, అక్కడి నుంచి ఇవతలి గుట్టలు ఎలా కనిపిస్తాయో కూడా తెలియదు. గంట ప్రయాణం, పోకుండా ఆపేవాళ్ళెవరూ లేరు. కానీ నేను పోయి చూసేస్తే, నాలోని ఆ పంతొమ్మిదేళ్ళ వెధవ మళ్ళీ ఎక్కడికి పోదాం అని అడుగుతాడు. వాడికి చెప్పడానికి ఇంకో చోటు నాకు తట్టాలి కదా!