తుపాకి కింద చీటీ

పుంగనూరు రైతు ఇంటి గోడకున్న పాత తుపాకిని ఎవరు చేశారో తేల్చాలని మూడు నెలలు మదనపల్లె లైబ్రరీలో కూర్చున్నాను. పుస్తకాల్లో దొరకలేదు.

ఒకరోజు నేను రైతు ఇంట్లో ఉండగా, కుప్పం నుంచి స్టవ్ రిపేరు పెద్దాయన వచ్చాడు. ఆయనకు ఏ వస్తువునైనా కళ్లు మూసుకుని బొటనవేలితో తడమడం అలవాటు. తుపాకినీ అలాగే తడిమాడు. స్క్రూలు విప్పి, చెక్క నుంచి గొట్టాన్ని ఊడదీశాడు. గొట్టం అడుగున చేసినవాడి పేరు చెక్కి ఉంది.

"బుక్కుల్లో యాల ఎతుకుతావప్పా? ఈడే ఉండాది సూడు!" అన్నాడు పెద్దాయన.

రైతు పకపకా నవ్వాడు. నాకు కడుపు మండిపోయింది.

"గోడకు చీటీ రాయి సారూ. కనిపెట్టినాయన పేరు గూడా పెట్టు" అని రైతు కాఫీ తేవడానికి లోపలికి వెళ్లాడు.

తుపాకి చేసినవాడి పేరు రాశాను. దాని కింద, 'కనిపెట్టినవారు' అని నా పేరు రాసుకున్నాను.

పెద్దాయనకు చదువు రాదు. చీటీ వైపే చూస్తూ, "నా పేరు ఎంత బాగా రాసినావప్పా!" అన్నాడు.