సహకరించరన్న ఊరి నుంచి ఒక ఐసు పెట్టె

“పడమటి మండలాల ప్రజలు సహకరించరు.” మా పరిశోధన సమావేశం కాగితంలో ఈ ఒక్క వాక్యం చదివి నేను ఈ ప్రయాణం పెట్టుకున్నాను. నా పని పెద్దపేగు క్యాన్సర్‌ను ముందుగా పట్టుకోవడం. యాభై దాటినవాళ్లకు వేలంత ట్యూబు ఒకటి ఇస్తాం. అందులోని పుల్లను మలంలో నాలుగుచోట్ల గుచ్చి, మళ్లీ ట్యూబులో పెట్టి బిగించి ఇస్తే చాలు. కంటికి కనపడని రక్తం ఏమైనా ఉందేమో ల్యాబులో చూస్తాం. మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు పంపిన ట్యూబులు ఒక్కటీ తిరిగి రాలేదని, ఆ మండలాలను జాబితా నుంచి కొట్టేద్దామని అన్నారు. నేను గిద్దలూరులో పుట్టి పెరిగినదాన్ని. ఒళ్లు మండింది. అక్కడికి వెళ్లి ఎవరు మాట్లాడారని అడిగితే, ఎవరూ వెళ్లలేదు, కొరియర్‌లో పంపామన్నారు. నాకు ఒక్క బుధవారం ఇవ్వండి, ఖాళీ చేతులతో వస్తే అప్పుడు కొట్టేయండి అన్నాను.

బుధవారమే ఎందుకంటే అది ఊళ్లలో టీకాల రోజు. తల్లులు కూలికి పోతారు కాబట్టి చాలా ఇళ్లలో పసిపిల్లలను టీకాకు ఎత్తుకొచ్చేది నాయనమ్మలే, అమ్మమ్మలే. నాకు కావలసిన వయసువాళ్లు పిలవకుండానే ఒకచోట చేరతారన్నమాట. ఒంగోలులో పొద్దున ఐదింటి బస్సెక్కితే పొదిలి మీదుగా ఏడున్నరకు మార్కాపురం చేరాను. ఆడవాళ్లకు టికెట్టు సున్నా, ఆధార్ చూపించాలి. మగవాళ్లకైతే నూట యాభై అటూ ఇటూ అవుతుంది. బస్టాండు ఎదురుగా ముప్ఫై రూపాయలకు నాలుగు ఇడ్లీలు, కారప్పొడి తిని, ఇంకో బస్సులో తొమ్మిదికల్లా కంభంలో దిగాను. అక్కడి నుంచి ఊరికి ఇరవై నిమిషాలు ఆటోలో పోవాలి. రానూపోనూ మూడు వందలకు మస్తాన్ అనే డ్రైవరు ఒప్పుకున్నాడు. ఊరి పేరు మాత్రం రాయను, ఎందుకో మీకే తెలుస్తుంది.

నా ఐసు పెట్టె చూసి, “చెరువు చేపలకు వచ్చినారా మేడం?” అన్నాడు మస్తాన్. కాదు, రేపు ఇందులో మలం ట్యూబులు పెట్టుకుపోవాలి, మంచి ఐసు ఎక్కడ దొరుకుతుంది అని అడిగాను. చెరువు కట్ట దాటాక అద్దంలో నన్ను చూసి, “మా బావమరిదికి సోడా దుకాణం ఉండాది. ఐసుకు ఇబ్బంది లేదు. దేనికో మాత్రం మీరు చెప్పొద్దు, నేను చెప్తా” అన్నాడు.

అంగన్‌వాడీ వరండాలో పన్నెండు మంది ఆడవాళ్లు పిల్లలతో కూర్చుని ఉన్నారు. టీకాలు వేసే నర్సు సుజాత నాకు కుర్చీ వేసింది. నేను లేచి నిలబడి క్యాన్సర్ మీద చక్కగా ఉపన్యాసం ఇచ్చాను. ఇచ్చినకొద్దీ వాళ్లు గోడవైపు జరిగారు. ట్యూబు పైకెత్తి చూపించేసరికి ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది, ట్యూబు ఖాళీదే అయినా. “దీనికి సూది లేదా అమ్మా? ఉంటే పొడిపించుకుని పోతాం” అని ఇంకొకామె బేరం పెట్టింది. ఆడపిల్లలకు గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ రాకుండా టీకా ఉందని, ఈ పేగు క్యాన్సర్‌కు మాత్రం అలా ముందుగా వేసే టీకా ఇంకా రాలేదని, అందుకే చూసుకోవడం తప్ప దారి లేదని చెప్పాను. “నేననుకున్నదే మేడం, వీళ్లు తీసుకోరు” అని సుజాత మెల్లగా అంది. సమావేశం కాగితం నా కళ్ల ముందు ఆడింది.

కూర్చున్నాను. టీకాలు మొదలయ్యాయి. అప్పుడు విన్నాను అసలు సంగతి. ప్రతి నాయనమ్మా నర్సు దగ్గరికి రాగానే ఎత్తే మాట మనవడి దొడ్డి గురించే. ఒకామె మూడు రోజులుగా పచ్చగా పోతున్నాడంది. ఒకామె జిగటగా, పులుపు వాసన వస్తోందంది. మార్తమ్మ అనే ఆమె, యాభై ఎనిమిదేళ్లుంటాయి, మిరప కోతల్లో నల్లబడిన చేతులు, “నిన్న రెండుసార్లు పోయినాడు. ముందుసారి గట్టిగా, రెండోసారి పసుప్పచ్చగా. రక్తం లేదులే, బాగా చూసినా” అని లెక్క ఒప్పజెప్పింది. సిగ్గు లేదు, కొంగు అడ్డం లేదు. ఇంత బాగా చూడగలిగేవాళ్లు మా ల్యాబులో కూడా లేరు. నేను కుర్చీ వదిలి వెళ్లి వాళ్ల పక్కన కింద కూర్చున్నాను.

“మనవడిది ఇంత బాగా చూస్తున్నారు కదా, మీది ఎప్పుడైనా చూసుకున్నారా?” అని అడిగాను.

ఒకరినొకరు చూసుకుని నవ్వేశారు. మార్తమ్మ నవ్వలేదు. “నలుగురు బిడ్డలవి కడిగినా, ఆరుగురు మనవళ్లవి కడగతండా. నాది నాకు అసహ్యం ఏందమ్మే?” అని అందరినీ కలియజూసి నా వైపు చెయ్యి చాపింది. “ఇట్ల తే.” ఆమె వెనకే మిగిలిన చేతులూ లేచాయి. పేపరు ఎలా పరుచుకోవాలో, పుల్ల ఎలా గుచ్చాలో సుజాతే నాకన్నా బాగా చెప్పింది.

ట్యూబు ఇచ్చేముందు ప్రతివాళ్లనీ ఒక ప్రశ్న అడగాలి: ఈమధ్య రక్తం ఏమైనా కనపడిందా? మార్తమ్మ పిల్లవాడిని ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. నా చెవి దగ్గరికి వంగి, “కోతలప్పటి నుంచి పడతాంది. వేడనుకొని మజ్జిగ తాగుతుండా. మొలలని ఒకాయన పొడి ఇచ్చినాడు” అంది. కంటికి రక్తం కనపడుతున్నవాళ్లకు ఈ ట్యూబు ఇవ్వకూడదు. ఇందులో ఏమీ లేదని వస్తే ధైర్యపడి ఊరుకుంటారు. వాళ్లు నేరుగా పేగులోకి కెమెరా పంపి చూసే పరీక్షకు వెళ్లాలి, అది ఒంగోలులో. ఆ మాట చెప్పి ట్యూబు పక్కన పెడుతుంటే ఆమెకు కోపం వచ్చింది. “ముందు చెయ్యి చాపింది నేను కదా?”

రేపు నాతో పది గంటల బస్సులో రమ్మన్నాను. అంతలో కొడుకు అబ్రహాం తల్లిని వెతుక్కుంటూ వచ్చాడు. చెడ్డవాడు కాదు, అలసిపోయినవాడు. తల్లి చెప్పింది విని, “మొలలకు ఒంగోలు ఎందుకు మేడం? నేనూ నా భార్యా పనికి పోవాల. పిల్లోడ్ని ఎవురు చూస్తారు?” అన్నాడు. అవి మొలలో కావో చూస్తేనే గదా తెలిసేది అన్నాను. పంట పనులయ్యాక చూద్దామన్నాడు. ఎంత చెప్పినా ఆ మాట దగ్గరే ఆగాడు. మార్తమ్మ తల వంచుకుని అతని వెనకే వెళ్లిపోయింది.

కంభంలో ఏడు వందలకు గది దొరికింది. సాయంత్రం చెరువు కట్ట మీద నడిచాను. కొండల మధ్య అన్ని నీళ్లు, చూడదగ్గదే. నాకు మాత్రం ఏమీ ఎక్కలేదు. అబ్రహాం మీద కోపం, పొడి ఇచ్చినవాడి మీద కోపం, నచ్చజెప్పలేని నా మీద ఇంకా కోపం.

గురువారం ఏడున్నరకు మస్తాన్ ఐసుతో వచ్చాడు. “మా అమ్మీకి కూడా ఒక ట్యూబు ఇయ్యండి మేడం. ఆమెకు నేనే చెప్పుకుంటా” అన్నాడు. అంగన్‌వాడీ దగ్గర ట్యూబులు నాకోసం వరుసగా ఉన్నాయి. ఒకటి బిస్కెట్ కవర్లో, ఒకటి టీకా కార్డుతో కలిపి రబ్బరు బ్యాండు వేసి, ఒకటి శుభ్రంగా ఉతికిన చేతిరుమాల్లో. నిన్న కొంగు అడ్డం పెట్టుకున్నామెదీ వచ్చింది. ఇచ్చినవన్నీ వచ్చాయి. మార్తమ్మ మాత్రం రాలేదు. ఆమె ఇంటికి వెళితే తాళం వేసి ఉంది. సంతోషపడాల్సిన పొద్దు అది. నాకు ఏడుపొచ్చింది.

కంభం తిరిగొచ్చి పది గంటల ఒంగోలు బస్సు ఎక్కి సీటు కోసం చూస్తే, మూడో వరుసలో కిటికీ పక్కన మార్తమ్మ కూర్చుని ఉంది. చేతిలో గుడ్డసంచి, ఆధార్ కార్డు. పెట్టెను సీటు కింద పెట్టి ఆమె పక్కన కూర్చున్నాను.

“పిల్లోడ్ని ఎవురు చూస్తారని అడిగినాడు కదా, వాని చేతిలోనే పెట్టి వచ్చినా. కన్నోడు చూడకుంటే ఎవురు చూస్తారు? పచ్చగా పోతే ఏం చెయ్యాలో కూడా చెప్పినా” అంది. పొలానికి పోతున్న కొడుకును తానే బజారు దాకా వెంబడించి పిల్లవాడిని అప్పజెప్పిందట.

పొదిలి దాటాక వెనకసీటు పెద్దమనిషి కాళ్లు చాపుకుంటూ నా పెట్టెను తోశాడు. అందులో ఏముందని నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మార్తమ్మ అందుకుంది. “మా ఊరి ఆడోళ్ల దొడ్డి నాయనా. డాక్టర్లు చూడాల. కాలు తగలనీయొద్దు.” బస్సు బస్సంతా వినపడేట్టు చెప్పింది. ఆయన కాళ్లు ఒంగోలు దాకా తన సీటు కిందే ఉన్నాయి.

మార్తమ్మకు మొలలు కావు. పేగులో క్యాన్సర్ గడ్డ. ఆపరేషన్ చేసి తీసేశారు. వేరేచోటికి పాకినట్టు కనపడలేదన్నారు, ఇంకా కొన్నాళ్లు పరీక్షలకు తిరగాలి. ఆస్పత్రిలో పది రోజులు తల్లి పక్కన ఉన్నది అబ్రహామే. నేను ఆ ఐసు పెట్టెను సమావేశం బల్ల మీద పెట్టి, జాబితాలో మా మండలాలు ఉంచుతారా లేదా అని అడిగాను. ఉంచారు. జనం సహకరించరని రాయడానికి ఒక్క పెన్ను చాలు, వాళ్ల పక్కన కింద కూర్చోవడానికి రెండు బస్సులూ ఒక ఆటో మారాలి. ఇప్పుడు బుధవారాల్లో వరండాలో రక్తం కనపడిందా అని అడిగేది నేను కాదు, మార్తమ్మ. నాకన్నా గట్టిగా అడుగుతుందని సుజాత చెప్పింది.

కంభం చెరువు చూడాలనుకుంటే పొద్దున్నే వెళ్లండి, పది దాటితే కట్ట మీద నిలవలేరు. ఇక నేనిచ్చే ఒక్క సలహా మాత్రం ఇది: మీకు మలంలో రక్తం కనపడితే మొలలని మీరే పేరు పెట్టుకోకండి, ట్యూబు కోసం కూడా ఆగకండి. ఆధార్ పట్టుకుని, చంకలో ఉన్న పిల్లవాడిని కన్నవాళ్లకు అప్పజెప్పి, పది గంటల బస్సెక్కండి.