వంకరకాలి ఉన్నిబొమ్మ

మా దొరల ఇంట్లో నేబ్రిస్ ముప్పై ఏళ్లు ఉన్ని వడికింది. నేను మగ్గం దగ్గరికి వచ్చిన తొలి చలికాలం, నా కాళ్లు కొంకర్లు పోతుంటే తన ఒళ్లోని ఉన్ని తీసి కప్పింది. పళ్లూడిన కాపలా తాతకు రొట్టె ద్రాక్షసారాలో నానబెట్టి ఇచ్చేది. అలాంటి మనిషి.

ఏటా చలికాలంలో నాలుగుదారుల దేవుళ్ల పండుగకు ఉన్నిబొమ్మలు చుట్టే పని ఆమెదే. స్వతంత్రులకు తలా ఒక బొమ్మ, కాళ్లూ చేతులతో. బానిసలం మాకు తలా ఒక ఉండ. కూడలిలోని దేవుళ్ల గూటికి వాటిని వేలాడదీస్తే, దేవుళ్లు మనుషులకు బదులు అవే తీసుకుని మమ్మల్ని చల్లగా చూస్తారు.

ఆ ఏడు అమ్మగారు ఎగ్నాషియా వచ్చి, "బొమ్మలు ఐదు, ఉండలు ఎనిమిది" అని చెప్పి వెళ్లింది.

దొరల కుటుంబం నలుగురు. మేము తొమ్మిదిమందిమి. నేబ్రిస్ చేతిలో కదురు ఆగింది.

"ఐదో బొమ్మ రాబోయే కోడలికి. తగ్గిన ఉండ నాదేనే పిల్లా. చూపు ఆనడం లేదుగా, అమ్మేస్తున్నారు" అంది నాతో.

"నిన్నెవరు కొంటారక్కా?" అన్నాడు వంటవాడు హిలారస్. "నీ గురక విని మర్నాడే తెచ్చి దింపేస్తారు!"

"నోర్ముయ్యరా! నీ చిక్కుడు జావ తాగి బతికానంటే, గనుల్లో వేసినా బతుకుతాను."

నవ్వింది గానీ, చుడుతున్న ఐదో బొమ్మకు కాలు వంకర పోయింది.

పండుగనాటి సాయంత్రం ఇరుగుపొరుగు తేనెరొట్టెలతో కూడలిలో చేరారు. దొరల బొమ్మలు నాలుగూ కట్టారు. మేము ఎనిమిదిమందిమీ మా ఉండలు కట్టాం. నేబ్రిస్ వట్టి చేతులతో వెనక నిలబడింది.

అమ్మగారు వంకరకాలి బొమ్మను ఆమె చేతిలో పెట్టింది. "నీదే. కట్టు."

"కోడలమ్మది కాదా?"

"ఆ పెళ్లి ఎండాకాలంలో కదే పిచ్చిదానా!"

అయ్యగారు గొంతు సవరించుకుని, "అందరూ సాక్షులు. నేటినుంచి నేబ్రిస్ స్వతంత్రురాలు" అన్నారు.

నేబ్రిస్ బొమ్మను తిప్పి తిప్పి చూసి, "ముందే చెబితే కాలు సరిగా చుట్టుకునేదాన్ని కదమ్మా!" అంది. కూడలంతా గొల్లున నవ్వింది. ఏడుస్తూనే తానూ నవ్వింది.

"ఆ కాలితో ఎంతదూరం పోతావులే అక్కా, మగ్గం దాకానే!" అన్నాడు హిలారస్.

నిజంగానే మర్నాడు మగ్గం దగ్గరికే వచ్చింది, ఇప్పుడు కూలికి. ఆ తర్వాత ప్రతి ఏడూ తన బొమ్మకు వంకరకాలే పెట్టుకునేది, దేవుళ్లు గుర్తుపట్టాలని. నా ఉండ చుట్టేటప్పుడు మాత్రం లోపల రెండు చిన్న కాళ్లు దాచేది.

"పైకి కనబడవు. పెట్టానని దేవుళ్లకు తెలుసులేవే."