వణుకు ఆగిన మనిషి

మంచు తుపానులో ఒక మనిషి ఉడుకపోస్తోందంటూ కోటు విప్పితే మీరేం చేస్తారు? తొందరపడి జవాబు చెప్పకండి. నా ఎదుటే ఒకాయన చేతులు జోడించాడు.

హెలికాప్టర్ నన్ను ఉత్తర సరిహద్దులో ఒక హిమనదం మీద దించింది. రేడియో ఆపరేటర్‌ని. ఫైబర్ గుడిసె, కిరోసిన్ స్టవ్, ఒకదానిపై ఒకటి మూడు జతల చేతితొడుగులు. పోస్టులో ముగ్గురం, అందరం వరంగల్ వైపు వాళ్లమే. హవల్దారుది మడికొండ. గన్నర్‌ది ములుగు అడవి పక్క ఊరు. గుడిసె బయట, ఎప్పుడో మంచులో చనిపోయిన జవాను పేరిట చిన్న గుడి. బాబా అంటారు. కాపలాకు వెళ్లేముందు సెల్యూట్ కొట్టి ఆయనకు రిపోర్ట్ చేయాలి. మూతెడు రమ్ము పోయాలి. అది ఆచారం.

ఆ మధ్యాహ్నం గాలి లేచింది. గన్నర్ దారి తప్పకుండా కట్టిన తాడు పట్టుకుని కాపలా నుంచి తిరిగొచ్చాడు. బట్టలు తడిసిపోయాయి. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. కాసేపటికి వణుకు ఆగింది. నాకు అప్పుడు భయం వేసింది.

వణుకు జబ్బు కాదు. కండరాలు వేడి పుట్టించే పని. లోపలి వేడి కాస్త పడిపోయినా గుండె, మెదడు తట్టుకోలేవు. అందుకే ఒళ్లు చర్మం కింది నాళాలను బిగించి నెత్తుటిని లోపల దాచుకుంటుంది. శక్తి అయిపోతే వణుకు ఆగుతుంది, ఆ బిగువూ సడలుతుంది. వెచ్చటి నెత్తురు చర్మానికి ఎగదన్నుతుంది. గడ్డకట్టి చచ్చిపోతున్నవాడికి మంటల్లో ఉన్నట్టుంటుంది.

"అన్నా, మస్తు ఉడ్కపోస్తాంది," అంటూ గన్నర్ కోటు జిప్పు లాగాడు. నవ్వుతున్నాడు.

హవల్దారు టోపీ తీసి చేతులు జోడించాడు. "బాబా ఒంటి మీదికొచ్చిండు రా. అడ్డం పోకు. జర రమ్ము తే, తాపుదాం."

"బాబా కాదు ఉస్తాద్, చలి! రమ్ము తాగితే ఉన్న వేడి గూడ పోతది."

"నువ్వేమన్న డాక్టర్‌వా?"

"డాక్టర్‌నే అడుగుదాం."

రేడియో సెట్ బటన్ నొక్కాను. గరగర మధ్య కింది క్యాంపు డాక్టర్ హిందీలో చెప్పాడు: రమ్ము వద్దు. తడి బట్టలు తీసేయండి. కాళ్లూ చేతులూ రుద్దకండి. ఛాతీకి వేడి పెట్టండి.

హవల్దారు అప్పటికే తనే సీసా అందుకుని మూత తీశాడు. బాబా కోపం మీద భయం, పిల్లగాడి ప్రాణం మీద భయం. చివరికి రమ్ము నేల మీద పారబోశాడు. "తప్పయితే నన్ను గొట్టు బాబా," అంటూ స్లీపింగ్ బ్యాగ్ విప్పాడు. తడి బట్టలు తీసి ఇద్దరం గన్నర్‌ను మెల్లగా అందులోకి చేర్చాం. వేడినీళ్ల సీసాలు గుడ్డలో చుట్టి ఛాతీ మీద, చంకల్లో పెట్టాం. ఎంతసేపో తెలియదు. స్టవ్ చప్పుడు ఒక్కటే. అప్పుడు అతని దవడ అదిరింది.

"తమ్ముడు వణుకుతాండు రా!" హవల్దారు ఏడ్చేశాడు.

పదవీ విరమణ చేసి వరంగల్ వచ్చాను. మే నెలలో మడికొండ దగ్గర, కొత్త ఇళ్ల పనిలో ఒక కూలీ ఎండకు పడిపోయాడు. చెమట ఆగింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. నోటి వెంట ఏవేవో మాటలు. చుట్టూ జనం, చేతుల్లో వేపమండలు.

"అమ్మవారు పూనింది, ముట్టకుండ్రి!"

వాళ్లను తోసుకుని నేను చేరేసరికి ఊపిరి లేదు. పక్కనే ఇటుకలు తడిపే డ్రమ్ము. అంచు దాకా నీళ్లు. నాకు ఇప్పటికీ హిమనదం కలలోకి రాదు. ఆ డ్రమ్ము వస్తుంది.

ఈ ఎండల్లో మీ ముందు ఎవరైనా అలా పడితే, అమ్మవారా కాదా అన్నది తర్వాత తేల్చుకోండి. ముందు నీడకు లాగండి. ఒళ్లంతా తడపండి, విసరండి, అంబులెన్సును పిలవండి. నీళ్లు పక్కన ఉండగా మనిషిని చావనివ్వకండి.