మానాయ్ మెనా మెడలో తాళంచెవి

ఫిలోమెనా బగాదియోన్ మెడలో నల్లతాడుకి రెండు వేలాడేవి. ఒకటి పెన్యాఫ్రాన్సియా మాత పతకం, రెండోది సైన్సు గదిలోని బీరువా తాళంచెవి. ఆదివారం చర్చిలో ఆమె కళ్ళు మూసుకుని ఆ తాడు పైకెత్తి ముద్దుపెట్టుకునేది. రెంటిలో ముద్దు దేనికి దక్కిందో ఆ మాతకే తెలియాలని తోటి టీచర్లు నవ్వుకునేవారు. ఎదురుగా మాత్రం అందరూ ఆమెను మానాయ్ మెనా అనేవారు, పెద్దక్కని పిలిచినట్టు.

ఆమె పనిచేసే హైస్కూల్లో సైన్సు విభాగమంటే ఆరుగురు టీచర్లు, ఒక గది, ఒక బీరువా, ఒక మానాయ్. ఏ సెక్షన్ ఎవరికి, పొద్దుటి చల్లదనం ఎవరికి, మధ్యాహ్నం రేకుల కప్పు కింద ఉడికే యోగం ఎవరికి అన్నది ఆమె వేసే టైంటేబుల్ తేల్చేది. రెండు మూడు నెలలకోసారి పాఠం జీవశాస్త్రం నుంచి రసాయనానికీ, అక్కణ్ణుంచి అగ్నిపర్వతాలకీ మారేది. ఎవరు ఏది చదివినా అన్నీ చెప్పాల్సిందే. శుక్రవారం మీటింగుకి వంతులవారీగా ఒకరు పన్సిత్ నూడుల్స్ వండుకొచ్చేవారు. మానాయ్ మాట్లాడేది, మిగతావాళ్ళు తినేవారు. నోటినిండా నూడుల్స్ ఉన్నవాడు ఎదురేం చెబుతాడు?

అన్యాయంగా మాట్లాడకూడదు. పరీక్ష పేపరు ఆమె చేతిలో ఎన్నడూ ఆలస్యం కాలేదు. టీచరు రాని తరగతి ఖాళీగా ఉండేది కాదు. తుఫాను వెలిశాక అందరూ ఎగిరిపోయిన తమ ఇంటి రేకులు వెతుక్కుంటుంటే ఆమె స్కూలుకొచ్చి తడిసిన చార్టులు ఎండబెట్టేది. ఉల్లిపొర కణాల చార్టు ఆమె స్వయంగా రంగులు వేసింది. ఊళ్ళో సగం మంది కణమంటే ఆ గులాబీరంగు ఇటుకలే అనుకుంటూ పెద్దవాళ్ళయ్యారు.

అలాంటి ఓ తుఫాను తర్వాత ఎవరో దాతలు మైక్రోస్కోపులు పంపారు. డజను, కొత్తవి. మానాయ్ సంతకం పెట్టి తీసుకుంది. ఒక్కోదాన్నీ ప్లాస్టిక్ సంచిలో దూర్చి, మూతి తాడుతో బిగించి, బీరువాలో పెట్టి తాళం వేసింది. పైనుంచి అధికారులు వచ్చే రోజున మాత్రం అవి బయటికొచ్చేవి. తెల్లగుడ్డ పరిచిన బల్లమీద వరసగా నిలబెట్టి, వెనక పిల్లల్ని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమనేది. అధికారి "భేష్" అనేవాడు, ఫొటో తీయించుకునేవాడు, వెళ్ళిపోయేవాడు. ఆయన బండి గేటు దాటకముందే మైక్రోస్కోపులు మళ్ళీ సంచుల్లోకి వెళ్ళేవి.

ఆమెది పిసినారితనం కాదు, భయం. ఆమెకు ముందు విభాగం నడిపిన తందోక్ సారు బీరువాకి అసలు తాళమే వేసేవాడు కాదు. పిల్లలు ఏం కావాలంటే అది తీసుకునేవారు. ఓ పిల్లాడు ఖరీదైన త్రాసు కింద పడేశాడు. సారు రిటైరయ్యే రోజున లెక్కలో ఆ త్రాసు తక్కువొచ్చింది, బాకీ లేదన్న కాగితం రాలేదు, పెన్షను ఆగిపోయింది. పాపం, ఆ ముసలాయన బస్సెక్కి ఆఫీసు చుట్టూ తిరిగీ తిరిగీ అక్కడి బెంచీ మీదే ప్రాణం వదిలాడు. శవాన్ని తీసుకురావడానికి వెళ్ళినవాళ్ళలో ఫిలోమెనా ఒకతి. పిల్లలకి చేతికిచ్చినవాడి గతి ఇదీ అని ఆ రోజు ఆమె గుండెలో రాసుకుంది.

కొత్త టీచరు రేనాన్ ఒరొపెసా చేరిన మొదటి శుక్రవారమే, నోట్లో నూడుల్స్ లేకుండా చూసుకుని మరీ అడిగాడు.

"మేడమ్, ఒక్క మైక్రోస్కోపు. ఒక్క పీరియడ్ చాలు. నేను పక్కనే ఉంటాను."

"పగిలితే?"

"పగలకుండా చూస్తానండీ."

"తందోక్ సారూ అలాగే అనేవాడు నాయనా. చార్టుంది కదా, దాంతో చెప్పు."

"పోనీ ఆ సంచులైనా విప్పండి మేడమ్. మన ఊరి తేమకి అద్దాలకి బూజు పడుతుంది. బీరువాలో ఓ చిన్న బల్బు వెలిగించి ఉంచినా చాలు."

"విన్నారా!" అంది మానాయ్ మిగతావాళ్ళ వైపు తిరిగి. "కంటికి రెప్పలా చూసుకుంటున్నదానికి బూజట! బీరువాకి దీపం పెట్టాలట, అదేమన్నా దేవుడి పీఠమా?"

అందరూ నవ్వారు. బయటికొచ్చాక నెల్డా టీచరు అతని భుజం తట్టింది. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. ఆవిడతో పెట్టుకోకు తమ్ముడూ." ఆ మాట లోపల అనడానికి మాత్రం ఆవిడకి నోరు పెగల్లేదు. తర్వాతి టైంటేబుల్లో రేనాన్‌కి మధ్యాహ్నపు సెక్షన్లన్నీ వచ్చాయి.

ఆ ఏడు అతని పిల్లలు వాగునీళ్ళ మీద ప్రాజెక్టు చేసి పోటీకి వెళ్ళారు. నీళ్ళలోని జీవుల బొమ్మలు ముచ్చటగా వేశారు. న్యాయనిర్ణేత అడిగాడు, "ఇవి నువ్వు చూశావా అమ్మా?" హానిలెట్ అనే పిల్ల అబద్ధం రానిది. "లేదు సార్. పుస్తకంలో చూసి వేశాం. మా స్కూల్లో మైక్రోస్కోపులు ఉన్నాయి, కానీ అవి వచ్చినవాళ్ళకి చూపించడానికి." హాల్లో నవ్వులే నవ్వులు. ఆ పిల్ల దారంతా ఏడ్చింది. సంగతి మానాయ్ చెవిన పడింది. పడితే ఏం? ఉన్నమాటంటే ఉలుకెక్కువ. "దానికి నోటి దురుసు నేర్పింది నువ్వే" అని రేనాన్‌ని దులిపేసింది.

ఏళ్ళు గడిచాయి. మానాయ్ రిటైరయ్యే రోజు వచ్చింది. విధి వేళాకోళమేమో, విభాగం రేనాన్‌కే ఇచ్చారు. అప్పగింతలకి ఆమె పాటకచ్చేరీకి వెళ్ళేదానిలా ముస్తాబై వచ్చింది. ఆమె ఎదురుచూసింది ఈ పూట కోసమే. డజనుకి డజనూ, ఒక్క గీత పడకుండా, ఒక్క మర వదులవకుండా అప్పజెబుతుంది. తందోక్ సారుకి దక్కని గౌరవంతో గేటు దాటుతుంది.

ప్రిన్సిపాల్ బొర్హా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మానాయ్ మెడలోంచి తాడు తీసి తాళం తెరిచింది. మొదటి సంచి విప్పేసరికి వానాకాలపు చెప్పుల వాసన కొట్టింది. రేనాన్ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కన్ను ఆనించాడు. మర అటూ ఇటూ తిప్పాడు.

"ఏమైంది? బాగుంది కదూ?"

"మీరే చూడండి మేడమ్."

చూసింది. వెలుగు లేదు. అద్దం నిండా సాలెగూడులా తెల్లటి పోగులు అల్లుకుని ఉన్నాయి. రెండోది చూసింది, మూడోది చూసింది. సంచుల ముడులు విప్పే ఓపిక లేక పళ్ళతో చింపింది. అన్నీ అంతే. అధికారులు ఎంతమంది వచ్చినా ఒక్కడూ వాటిలో కన్ను పెట్టి చూడలేదని ఆమెకు అప్పుడు తట్టింది. తానూ పెట్టలేదు.

"తుడిస్తే పోతుందేమో నాయనా," అంది.

"పోదు మేడమ్. బూజు అద్దాన్ని తినేసింది."

బొర్హా తలుపు మూసి వచ్చాడు. "రేనాన్, పైకి చూస్తే కొత్తవాటిలా ఉన్నాయి. బాగున్నాయని సంతకం పెట్టెయ్. పాడయ్యాయని రాశావో, ఈవిడ కాగితం ఆగిపోతుంది. ఆ ముసలాయనలా ఈవిణ్ణీ బెంచీ మీద చంపుతావా?"

రేనాన్ బొర్హా వైపు చూడలేదు, ఆమె వైపు చూశాడు. పాడయ్యాయనే రాయి, తప్పు నాది అని ఆమె ఒక్కమాట అంటే చాలు. ఆ మాట ఆమె నాలుక దాకా వచ్చింది. వెంటనే ఆఫీసు బెంచీ, దానిమీద ఒరిగిన తందోక్ సారు తల, నేలమీద పడ్డ అన్నం మూట కళ్ళముందు నిలిచాయి. ఆమె తల దించుకుని తాడులోంచి తాళంచెవి విడదీయడంలో పడింది.

బాగున్నాయని అతను సంతకం పెట్టాడు. ఇకనుంచి ఆ డజనుకీ జవాబుదారీ అతనే. ఆమె తాళంచెవి ఇచ్చింది. పెన్షను ఠంచనుగా వచ్చింది.

మరుసటేడు సెప్టెంబరులో సైన్సు ఉత్సవానికి ఆమెను ముఖ్య అతిథిగా పిలిచారు. పూలదండ వేసి సైన్సు గదిలోకి నడిపించారు. బల్లమీద తెల్లగుడ్డ, దానిమీద డజను మైక్రోస్కోపులు తళతళలాడుతున్నాయి. వెనక పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఆ ఏడే చేరిన ఓ కుర్ర టీచరమ్మ రేనాన్ వెంటపడి బతిమాలుతోంది.

"సార్, ఒక్కటి ఇవ్వండి సార్. మా పిల్లలకి ఉల్లిపొర చూపించి ఇచ్చేస్తాను."

"పగిలితే?" అన్నాడు రేనాన్. "చార్టుంది కదమ్మా, దాంతో చెప్పు."

అని, అతిథి వైపు తిరిగి నవ్వబోయాడు. నవ్వు రాలేదు. అతని చొక్కా గుండీల సందులోంచి నల్లతాడు కనిపిస్తోంది. మానాయ్ చేయి అలవాటుగా తన మెడ దగ్గరికి పోయింది. అక్కడ పతకం ఒక్కటే ఉంది.