స్టీమరుకు తగులుకున్న వల

సౌదీలోని యాన్బు రిఫైనరీలో నాతో పనిచేసిన వెల్డరు పీరయ్యది ఉప్పాడ. డైవింగ్ ఇద్దరం కలిసే నేర్చుకున్నాం. 2006 జనవరిలో ఒక శుక్రవారం ఎర్రసముద్రపు చల్లటి నీళ్లలో దిగి, ఎప్పుడో మునిగిపోయిన పాతకాలపు స్టీమరు దగ్గరికి వెళ్లాం. నేను బాయిలరు చూపిస్తుంటే అతను అటు చూడనే లేదు. ఓడకు చిక్కుకున్న ఎవరిదో పాత వలను విడిపిస్తూ ఉండిపోయాడు. సిలిండర్లో గాలి తగ్గిపోతోందని పైకి లాక్కొచ్చాను.

పడవెక్కాక కోప్పడ్డాను. "పనికిరాని వల కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?"

"మా అయ్య వల కూడా ఇలాంటి ఓడకే తగులుకుంటే కోసేసి వచ్చేశాడండి" అన్నాడు పీరయ్య. "ఆ తర్వాత ఆ చోటు దాటినప్పుడల్లా తెడ్డు ఆపి నీళ్లలోకి తొంగిచూసేవాడు. ఏం కనపడుద్దని నేను నవ్వేవోణ్ణి."